అమ్మకానికి కాదు

కోయిలకుంట్ల బస్టాండు వెనక రేడియో రిపేరీ అంగడి నాది.
దస్తగిరి అంటే ఎవరైనా చూపిస్తారు.
నువ్వడిగేది ఆ ఊరి సంగతే కదా,
చుట్టూ నాపరాయి గోడ, లోపల ఒకటే గొంతు.
పేరెందుకులేమ్మా, రాసుకోవద్దు.

పేపరు ఆ ఊళ్ళోకి పోయేది కాదు.
బస్సు రెండు మైళ్ళ ఇవతలే తిరుక్కొనేది.
పోస్టు సంచి పెద్దాయన అరుగు మీద విప్పేవాళ్ళు,
ఆయన చదివినంకే జాబు మనిషికి చేరేది.
ఓటూ అంతే. వేలికి సిరా పూసి ఇంటికి పంపేవాళ్ళు,
మిగతా పని వాళ్ళే చూసుకొనేవాళ్ళు.

కరువు ముదిరిన ఏడు లారీలొచ్చె.
సముద్రం అవతలి గోధుమ రవ్వ, పాలపొడి.
ఇంక ఆయన పని అయిపోయిందనుకొంటిమి,
కడుపు నిండినోడు తల ఎత్తకుండా ఉంటాడా అని.
లారీలు నేరుగా ఆయన గోదాములోకే పోయె.
శేరు రవ్వకు ఒక దినం చాకిరి.
ఎదురు మాట్లాడిన ఇంటికి కొలత తగ్గె.
ముసలమ్మలు ఆయన గడపకు పసుపు రాసిరి,
అయ్య పెట్టిన బువ్వ అని.
ఆ రవ్వతో ఆయనకు ఇంకో పదేండ్లు ఆయుష్షు పెరిగె.
ఆ రవ్వతోనే సుంకులమ్మ చంటిబిడ్డ బతికె.
ఈ రెండూ ఏ తక్కెట్లో తూయాలో
నాకిప్పటికీ తెలవదు.

రేడియో సంగతి చెప్తా.
మద్దిలేటి అని, గొర్రెలు, రెండెకరాల పత్తి.
చిన్న రేడియో నా దగ్గర కంతుల మీద కొనె.
గొర్రెల దొడ్డిలో ఉన్నిగుట్ట కింద తలపెట్టి వినేవాడు.
ఏ దేశంలోనో జనం వీధుల్లోకొచ్చిరంట,
రాజు విమానమెక్కి పారిపోయెనంట.
విని ఏం చేసె?
తెల్లారి పెద్దాయన చేలోకి కూలికి పోయె.
ఒకనాడు మాత్రం
ఆదోని మార్కెట్లో పత్తి ధర చెప్పె.
వాడు ఉన్నిలోంచి తల బయటికి తీసె.
పెద్దాయన తూకందారు ఇస్తున్నది అందులో సగం.
ఆ అంకె ఆ రాత్రే దొడ్డి దాటె,
గొర్రెల గిట్టలకంటుకొని పోయిందేమో.
బావికాడ ఆడోళ్ళు దాన్ని నోటితో పలికేవాళ్ళు కాదు,
బిందె మీద వేళ్ళతో కొట్టి చెప్పుకొనేవాళ్ళు.

అంకె తెలిస్తే బండి కదులుతుందా?
ఊరి వాకిట్లో మనుషులుండిరి, కట్టెలతో.
తెలియనప్పుడు పేదరికం,
తెలిసినంక కడుపుమంట.
మద్దిలేటి నిద్రలేక చిక్కిపోయె.
రేడియో తెచ్చి నా బల్ల మీద పెట్టి
"దీన్ని చెడగొట్టు, దస్తగిరీ" అనె.
ముప్పై ఏండ్ల పనిలో అట్ల అడిగినోడు వాడొక్కడే.
నేను చెడగొట్టలేదు. బీరువాలో పెట్టినా.

ఇంతలో సంచులు.
రవ్వ తిన్నంక మిగిలిన తెల్ల గుడ్డ సంచులు
ఎవరూ లెక్కపెట్టలేదు.
గట్టి బట్ట, పిల్లోళ్ళకు నిక్కర్లు కుట్టిరి.
నీలం అక్షరాలు ఎంత ఉతికినా పోవు,
ఏవో బయటి అక్షరాలు, కింద తెలుగులో ఒక వరుస.
మద్దిలేటి కూతురు తిప్పమ్మ, మూడో తరగతి,
తమ్ముని ముడ్డి మీద వేలు పెట్టి కూడబలుక్కొని చదివె:
"ఉ...చి...తం. అమ్మకానికి కాదు."
"నాయనా, మరి మనం చాకిరి ఎందుకు చేస్తిమి?"

రెండు దినాల్లో ఊరంతా పిల్లల్ని వెనక్కి తిప్పి చూసుకొనె.
పెద్దాయనకు తెలిసి మనుషుల్ని పంపె.
మీసాల మొగోళ్ళు, నడుముకు కత్తులు,
ఇల్లిల్లూ తిరిగి పిల్లల నిక్కర్లు విప్పించిరి.
వీధి పొడుగునా బిత్తల పిల్లలు,
కత్తులోళ్ళ చంకల్లో నిక్కర్ల మూటలు.
ఎవరో ముసలమ్మ నవ్వె, పసుపు రాసిన ఆమేనంట.
తర్వాత ఊరు నవ్వె.
నేను అక్కడ లేను. విన్నోళ్ళు చెప్పిరి,
గోడ బయటికి కూడా వినపడిందని.

ఆ దినమే పడిపోయెనా? ల్యా.
ఇంకా తొమ్మిదేండ్లుండె.
మద్దిలేటి కాలు విరగ్గొట్టిరి.
అన్నదమ్ముల పంపకాలు, కోర్టు ఖర్చులు, మోకాళ్ళ నొప్పులు,
అవన్నీ కూడా ఆయన్ని దించినాయి.
కానీ ఆ తర్వాత ఆయన వీధిలోకొస్తే
పిల్లలు నిక్కరు పట్టుకొని పరిగెత్తేవాళ్ళంట, నవ్వుకుంటా.

నీ కాగితంలో రెండు గడులేనా,
అవును, కాదు?
బయటినుంచి పంపింది పనిచేసెనా అని?
ఖాళీగా వదిలెయ్యమ్మా.
ఇదిగో, ఆ రేడియో ఇదే.
ఇంకా రెండు కంతులు రావాల.